చలికాలంలో కనిపించిన అడవి టర్కీలు వేట మొదలయ్యేసరికి ఎక్కడికి పోతాయి?

క్లుప్తంగా: అడవి టర్కీలు వలస పక్షులు కావు. అయినా అవి చలికాలం గడిపే చోటు వేరు, వసంతంలో జతకట్టి గూడు పెట్టే చోటు వేరు. ఎప్పుడు కదలాలన్నది పగటి వెలుగును బట్టి, ఎంత దూరమన్నది నేల తీరును బట్టి ఉంటుంది. ఎటు వెళ్లాలన్నది మాత్రం ఎక్కువగా ఆడపక్షి చేతిలోనే ఉంటుంది. మగపక్షులు దాని వెంట పోతాయి. వేట తేదీల మీద అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నడుస్తున్న వాదనకూ, మార్చిలో కాలనీ రోడ్ల మీద టర్కీలు హడావుడి చేయడానికీ మూలం ఈ కదలికే.

అమెరికాలో ఫిబ్రవరి నెలలో, మొక్కజొన్న కోసేసిన చేలల్లో నలభై యాభై టర్కీలు గుంపుగా గింజలు ఏరుకుంటూ కనిపించడం మామూలే. వసంతకాలపు వేటకు సిద్ధమవుతున్నవాళ్లు వాటిని చూసి, పొలం యజమాని దగ్గర అనుమతి అడిగి పెట్టుకుంటారు. తీరా సీజన్‌ మొదలైన రోజు చీకటితోనే వెళ్లి కూర్చుంటే ఒక్క కూత వినిపించదు. కొయోట్లు తినేశాయనో, పక్క ఊరివాళ్లు ముందే కాల్చేశారనో, జబ్బు తగిలిందనో అనుమానాలు మొదలవుతాయి. ఒక్కోసారి అవి నిజం కావచ్చు. ఎక్కువసార్లు మాత్రం పక్షులు చావలేదు, చోటు మారాయంతే.

ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణల్లో ఫారాల్లో పెంచే టర్కీ కోళ్లను చూసినవారికి ఈ పక్షి అంత దూరం తిరుగుతుందా అనిపించవచ్చు. పెంపుడు టర్కీలు మెక్సికో ప్రాంతంలో మచ్చికైన ఉపజాతి సంతతి. మాంసం కోసం బరువు పెంచిన రకాలు సరిగా ఎగరను కూడా ఎగరలేవు. అడవి టర్కీ అలా కాదు. రాత్రి ఎత్తైన చెట్టు కొమ్మ మీద పడుకుంటుంది, అవసరమైతే గంటకు 80 కిలోమీటర్ల వేగంతో కొద్దిదూరం ఎగురుతుంది, మిగతా సమయమంతా కాలినడకనే తిరుగుతుంది. దాని ఏడాది మొత్తం ఈ నడక చుట్టూ అల్లుకుని ఉంటుంది.

చలికాలపు గుంపు తిండి చుట్టూనే

చలికాలంలో టర్కీకి రెండే అవసరాలు: తక్కువ శ్రమతో దొరికే తిండి, చలిగాలి తగలని చెట్టు. ఓక్‌ అడవుల్లో నేలరాలిన ఓక్‌ కాయలు, బీచ్‌ అనే చెట్టు గింజలు దీనికి ముఖ్యాహారం. ఉత్తరాదిన మంచు అడుగు మందాన మెత్తగా పేరుకుంటే వాటిని తవ్వి తీయడం కష్టమవుతుంది, నడవడమూ కష్టమే. అప్పుడు పక్షులు ఎండ తగిలే దక్షిణపు వాలుల మీదికి, ఊటనీరు గడ్డకట్టని చోట్లకు, పొలాలకు, పశువుల పేడ చల్లిన చేలకు చేరతాయి. పేడలో జీర్ణం కాని గింజలుంటాయి.

ఓక్‌ కాయల కాపు ఏటా ఒకేలా ఉండదు. బాగా కాసిన ఏడాది పక్షులు అడవి లోపలే ఉండిపోతాయి, రోడ్డు మీద వెళ్లేవారికి కనపడవు. కాపు పోయిన ఏడాది అవే పక్షులు పొలాల్లో కుప్పలుగా తేలతాయి. ‘ఈసారి టర్కీలు బాగా పెరిగాయి’, ‘ఈసారి అసలు లేవు’ అనే మాటల్లో చాలా భాగం పక్షుల లెక్క కాదు, కాయల లెక్క. ఓక్‌ రకాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. తెల్ల ఓక్‌ కాయలు రాలిన శరదృతువులోనే మొలకెత్తేస్తాయి. ఎర్ర ఓక్‌ కాయలు వసంతం దాకా మొలకెత్తవు కాబట్టి చలికాలమంతా నేల మీద మిగిలి ఉంటాయి. కాయలను దాదాపు అందరూ మరిచిపోతారు కానీ, ఫిబ్రవరిలో టర్కీలు ఎక్కడుంటాయన్నది ఇవే ఎక్కువగా తేలుస్తాయి.

ఈ కాలంలో గుంపులు ఆడమగ విడివిడిగా ఉంటాయి. తల్లులు, ఆడపిల్లలు ఒక గుంపు. పెద్ద మగవి, అంటే వేటగాళ్లు టామ్‌ అనేవి, మరో గుంపు. ఏడాది కూడా నిండని కుర్ర మగవి, అంటే జేక్‌లు, చలికాలం నాటికి తల్లిని వదిలి తమలో తాము తిరుగుతాయి. తిండి తక్కువగా ఉన్నచోట ఈ గుంపులన్నీ ఒకే పొలంలోకి రావచ్చు. చూసేవారికి అది ఒకే పెద్ద మందలా అనిపిస్తుంది. నిజానికి అవి చుట్టుపక్కల చాలా మైళ్ల మేర నుంచి వచ్చి చేరిన పక్షులు. వాటికి ఆ పొలం చలికాలపు మజిలీ మాత్రమే, సొంత చోటు కాదు.

గుంపు ఎందుకు చీలుతుంది

మార్పుకు మొదటి సంకేతం వేడి కాదు, వెలుగు. పక్షుల మెదడు లోపలి భాగంలో కాంతిని గుర్తించే కణాలున్నాయి. పుర్రె గుండా వెళ్లే వెలుగుకే అవి స్పందిస్తాయి. పగలు ఒక స్థాయి దాటి పొడవయ్యాక పిట్యూటరీ గ్రంథి నుంచి హార్మోన్లు పెరుగుతాయి, చలికాలమంతా కుంచించుకుపోయి ఉన్న జననాంగాలు తిరిగి ఎదుగుతాయి. మగపక్షిలో టెస్టోస్టిరాన్‌ పెరిగి తల, మెడ ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లోకి మారుతుంటాయి. తోక విప్పి, రెక్కలు నేలకు రాసుకుంటూ నడవడం మొదలుపెడుతుంది. నెమలి పురి విప్పడాన్ని చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. రెండూ ఒకే కుటుంబానికి చెందిన పక్షులు.

పగటి నిడివి ఏటా ఒకే తేదీకి ఒకేలా ఉంటుంది. అందుకే సంతానోత్పత్తి కాలం ఏటా దాదాపు అదే వారాల్లో వస్తుంది. వాతావరణం చేసేది దాన్ని కొంచెం ముందుకో వెనక్కో జరపడం, ఆ రోజు పక్షి ఎంత ఉత్సాహంగా కూస్తుందన్నది మార్చడం. మార్చిలో నాలుగు రోజులు ఎండ కాస్తే గాబ్లింగ్‌, అంటే మగపక్షి చేసే గుడగుడ కూత, ఊపందుకుంటుంది. మళ్లీ చలిగాలి, వాన వస్తే ఆగుతుంది. ఆ నిశ్శబ్దాన్ని చూసి ‘కాలం ఇంకా రాలేదు’ అనుకోవడం పొరపాటు. లోపల హార్మోన్ల పని నడుస్తూనే ఉంటుంది.

దీనితో పాటు గుంపులో పెద్దరికం కోసం పోరు ముదురుతుంది. టెక్సస్‌లోని వెల్డర్‌ వన్యప్రాణి కేంద్రంలో వాట్స్‌, స్టోక్స్‌ అనే పరిశోధకులు చేసిన అధ్యయనం 1971లో వెలువడింది. టర్కీల సామాజిక జీవితం గురించి ఇప్పటికీ ఎక్కువగా ప్రస్తావించేది దాన్నే. వారు గమనించినదేమిటంటే, ఒకే తల్లికి పుట్టిన మగపిల్లలు జీవితాంతం జట్టుగా ఉంటాయి. మొదటి చలికాలంలోనే అన్నదమ్ములు తమలో తాము కొట్లాడుకుని ఎవరు పెద్దో తేల్చుకుంటాయి. తర్వాత ఆ జట్టు మొత్తం మిగతా జట్లతో తలపడుతుంది. వసంతంలో అన్నదమ్ములన్నీ కలిసే ఆడపక్షుల ముందు తోక విప్పుతాయి, కానీ జతకట్టేది పెద్దది మాత్రమే.

మిగతావాటికి ఏం లాభం? కాలిఫోర్నియాలో అలాన్‌ క్రాకవర్‌ డీఎన్‌ఏ పరీక్షలతో చేసిన పరిశోధన 2005లో దీనికి జవాబిచ్చింది. సహాయం చేసే తమ్ముళ్లకు సొంత పిల్లలు కలగలేదు. అయితే ఒంటరిగా తిరిగే మగపక్షి కంటే తమ్ముళ్ల అండ ఉన్న పెద్దన్నకు చాలా ఎక్కువమంది పిల్లలు కలిగారు. ఆ పిల్లల్లో తమ్ముళ్ల రక్తమూ కొంత ఉన్నట్టే కదా, కుటుంబం లెక్కన అది నష్టం కాదు.

గుంపు చీలడంలో ఈ పోరుకు పెద్ద పాత్రే ఉంది. ఓడిన జట్లు, కుర్ర జేక్‌లు పెద్ద టామ్‌లకు దూరంగా జరుగుతాయి. ఆడపక్షుల్లో కూడా పెద్దరికపు వరుస ఉంటుంది. మొదటిసారి గూడు పెట్టబోయే ఏడాది వయసు ఆడవి సాధారణంగా పెద్దవాటికంటే ఎక్కువ దూరం పోతాయి. దగ్గర్లో ఉన్న మంచి చోట్లు అప్పటికే పెద్దవాటి చేతిలో ఉంటాయి.

ఎంత దూరం?

దీనికి ఒకే జవాబు లేదు. అమెరికాలో ఐదు ఉపజాతులున్నాయి, ఒక్కోటి ఒక్కో నేలకు అలవాటు పడింది.

తూర్పు రాష్ట్రాల్లో ఉండే ఈస్టర్న్‌ టర్కీకి అడవి, పొలం, గడ్డినేల పక్కపక్కనే దొరుకుతాయి. కాబట్టి చలికాలపు చోటు నుంచి వసంతపు చోటుకు దూరం మామూలుగా మైలు, రెండు మైళ్లు ఉంటుంది. కొన్ని పక్షులు ఐదారు మైళ్లు కూడా పోతాయి. వినడానికి చిన్న దూరమే. కానీ పొలాలన్నీ ప్రైవేటు ఆస్తులైన చోట ఒక్క మైలు జరిగితే నలుగురైదుగురు యజమానుల నేలలు దాటినట్టే. ఒక రైతు దగ్గర అనుమతి తెచ్చుకున్న వేటగాడికి పక్క కంచె అవతల కూస్తున్న పక్షి అందనట్టే లెక్క. ‘టర్కీలు మాయమయ్యాయి’ అనే ఫిర్యాదుల్లో చాలావాటి వెనుక ఉన్నది ఇంతే.

టెక్సస్‌, ఓక్లహోమా మైదానాల్లోని రియో గ్రాండే టర్కీల తీరు పూర్తిగా వేరు. అక్కడ పెద్ద చెట్లు అరుదు. వాగులు, నదుల వెంట పికాన్‌, కాటన్‌వుడ్‌ చెట్లున్న చోట చలికాలంలో వందల పక్షులు ఒకే చోట రాత్రి బస చేస్తాయి. ఏటా అవే చెట్లు. వసంతం రాగానే ఆ బస ఖాళీ అవుతుంది, పక్షులు పది మైళ్లు, కొన్నిసార్లు అంతకు మించిన దూరం విస్తరిస్తాయి. నది ఒడ్డున పొలమున్న వ్యక్తికి జనవరిలో మూడు వందల పక్షులు, ఏప్రిల్‌లో పది. పది మైళ్ల అవతల చిట్టడవి ఉన్న వ్యక్తికి జనవరిలో సున్నా, ఏప్రిల్‌లో పది. ఇద్దరూ చెప్పేది నిజమే.

రాకీ పర్వతాల్లోని మెరియమ్స్‌ టర్కీ అడ్డంగా కాదు, నిలువుగా కదులుతుంది. చలికాలం దిగువన పాండెరోసా పైన్‌ చెట్ల మధ్య, పశువుల కొట్టాల దగ్గర గడిపి, మంచు కరుగుతున్న కొద్దీ పైకి జరిగే మంచు అంచు వెంబడే కొండ ఎక్కుతుంది. ఇక్కడ మాత్రం వాతావరణం మాట చెల్లుతుంది. మంచు ఆలస్యంగా కరిగిన ఏడాది పక్షులు సీజన్‌ మొదలైనా కిందే ఉంటాయి. ఫ్లోరిడా ద్వీపకల్పంలో ఉండే ఒసియోలా టర్కీకి మంచు బెడదే లేదు కాబట్టి దాని కదలిక ఎక్కువగా నీటిమట్టం, గడ్డి ఎదుగుదలల మీద ఆధారపడుతుంది. అరిజోనా, న్యూ మెక్సికోల దక్షిణపు కొసన ఉండే గూల్డ్స్‌ టర్కీలు సంఖ్యలో చాలా తక్కువ.

దారి చూపేది ఆడపక్షి

వేట మగపక్షిని చుట్టే తిరుగుతుంది కాబట్టి అందరి దృష్టీ దాని మీదే. కదలికను అర్థం చేసుకోవాలంటే ఆడపక్షిని చూడాలి. దానికి కావలసినవి చలికాలంలో అక్కర్లేనివి. గుడ్లకు కాల్షియం కావాలి, నత్తలు, పురుగులు తింటుంది. లేత గడ్డి, చిగుళ్లు కావాలి. గూడు నేల మీదే, పొద చాటున, పడిపోయిన కొమ్మల పక్కన పెడుతుంది కాబట్టి మోకాలెత్తు మరుగు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, పిల్లలు పుట్టాక మొదటి వారాల్లో వాటికి పురుగులు పుష్కలంగా దొరికే గడ్డినేల దగ్గర్లో ఉండాలి. కోసేసిన మొక్కజొన్న చేలో ఇవేవీ ఉండవు. దక్షిణాదిన అటవీ సిబ్బంది పైన్‌ తోటల్లో కావాలని నిప్పుపెట్టి కింది పొదలను కాల్చిన చోట్లకు వసంతంలో టర్కీలు చేరడానికి కారణం కూడా ఈ కొత్త గడ్డి, దానిలోని పురుగులే.

ఆడపక్షి రోజుకు సుమారు ఒక గుడ్డు చొప్పున పది, పన్నెండు గుడ్లు పెట్టి, ఆ తర్వాతే పొదగడం మొదలుపెడుతుంది. పొదిగే కాలం దాదాపు 28 రోజులు. పక్షులకు జీపీఎస్‌ పరికరాలు తగిలించి చేసిన పరిశీలనల్లో ఒక క్రమం స్పష్టంగా కనిపిస్తుంది. గుంపు చీలిన కొత్తలో ఆడపక్షి తిరిగే ప్రాంతం విస్తరిస్తుంది, గుడ్లు పెట్టే రోజుల్లో కుదించుకుపోతుంది, పొదిగేటప్పుడు దాదాపు ఒక చుక్క అయిపోతుంది.

మగపక్షి ప్రవర్తన దీని నీడలో నడుస్తుంది. ఆడపక్షులు గుంపుగా ఉన్నంతకాలం టామ్‌ వాటిని వదలదు. అటువంటి పక్షిని వేటగాడు చెక్కపెట్టెతోనో, నోట్లో పెట్టుకునే చిన్న పొరతోనో ఆడపక్షిలా ఎంత పిలిచినా రాదు. ప్రకృతిలో మగపక్షి కూస్తే ఆడపక్షి దాని దగ్గరికి నడుస్తుంది, వేటగాడు అడిగేది దానికి తలకిందులు. ఆడపక్షులు ఒక్కొక్కటే గూటికి వెళ్లిపోయాక టామ్‌ ఒంటరవుతుంది. ఉదయం చెట్టు దిగినప్పుడు పట్టించుకోని పక్షి తొమ్మిది, పది గంటలకు పిలుపుకు జవాబివ్వడం అందుకే. గాబ్లింగ్‌కు సీజన్‌లో రెండు ఉధృతులు ఉంటాయని చాలాకాలంగా చెబుతున్నారు. మొదటిది గుంపు చీలేటప్పుడు, రెండోది ఆడపక్షులు పొదగడంలో మునిగినప్పుడు. అయితే వేట ఉన్న, లేని ప్రాంతాల్లో శబ్ద రికార్డర్లు పెట్టి చూసినప్పుడు, వేట మొదలయ్యాక కూతలు తగ్గుతాయని తేలింది. కూతలు తగ్గినంత మాత్రాన పక్షులు లేవని కాదు. కూసినవి చనిపోతాయి, మిగిలినవి జాగ్రత్తపడతాయి.

సీజన్‌ ఎప్పుడు తెరవాలి?

వసంతంలో గడ్డం లాంటి ఈకల కుచ్చు ఉన్న పక్షులనే, అంటే దాదాపుగా మగవాటినే, కాల్చడానికి చాలా రాష్ట్రాలు అనుమతిస్తాయి. ఒక మగపక్షి అనేక ఆడపక్షులతో జతకడుతుంది, పైగా ఒకసారి జతకట్టిన ఆడపక్షి ఆ వీర్యాన్ని శరీరంలో వారాల తరబడి నిల్వ ఉంచుకోగలదు. కాబట్టి కొన్ని మగవి పోయినా సంఖ్యకు నష్టం లేదన్నది పాత సిద్ధాంతం. దాని ప్రకారం సీజన్‌ తేదీలు ఆడపక్షులు గూళ్ల మీద కూర్చునే సమయానికి దగ్గరగా ఉండాలి. అప్పుడు పొరపాటున అవి తూటాకు బలయ్యే ప్రమాదమూ తక్కువ.

తేదీలు దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతూ పోతాయి. ఫ్లోరిడా దక్షిణ భాగంలో మార్చి మొదట్లోనే తెరుస్తారు. మిస్సోరీలో ఏప్రిల్‌ మూడో సోమవారం. న్యూయార్క్‌లో మే 1 నుంచి 31 వరకు, అదీ మధ్యాహ్నం 12 దాకే. మధ్యాహ్నం ఆపేయడానికి ఒక కారణం, తిండికి గూడు దిగివచ్చే ఆడపక్షుల జోలికి పోకుండా ఉండటం.

గత కొన్నేళ్లుగా ఈ లెక్క మీద కొత్త వాదన లేచింది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో అంతరించిపోయే దశకు చేరిన అడవి టర్కీ, పట్టి తెచ్చి కొత్తచోట్ల వదిలే కార్యక్రమాల వల్ల ఈ శతాబ్దం మొదట్లో సుమారు 70 లక్షలకు చేరింది. ఆ తర్వాత ముఖ్యంగా ఆగ్నేయ రాష్ట్రాల్లో తగ్గుతూ, ఇప్పుడు దేశం మొత్తం మీద 60 లక్షల దగ్గర ఉంది. జార్జియా విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్‌ చాంబర్లేన్‌ వంటి పరిశోధకుల వాదన ప్రకారం, ఆడపక్షులు గుడ్లు పెట్టకముందే పెద్ద టామ్‌లను కాల్చేస్తే గుంపులో పెద్దరికపు వరుస చెదిరి జతకట్టడం ఆలస్యమయ్యే అవకాశం ఉంది. 2022లో జార్జియా తన సీజన్‌ను ఏప్రిల్‌కు, అలబామా మార్చి 25కు జరిపాయి. 2023లో టెన్నెసీ ఏప్రిల్‌ 15కు మార్చింది. ఒక్కో వేటగాడు కాల్చగల పక్షుల సంఖ్యనూ ఈ మూడు రాష్ట్రాలు తగ్గించాయి.

అయితే అదే టెన్నెసీలో అంతకుముందే కొన్ని కౌంటీల్లో (జిల్లాల్లాంటివి) సీజన్‌ను రెండు వారాలు ఆలస్యంగా తెరిచి, మిగతావాటితో పోల్చి చూసిన అధ్యయనంలో గూళ్ల విజయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇప్పటికున్న ఆధారాలను బట్టి చూస్తే, తేదీ జరపడం వల్ల ఎన్ని మగపక్షులు బతుకుతాయన్నది మారవచ్చు కానీ, ఎన్ని పిల్లలు బతుకుతాయన్నది మారుతుందని గట్టిగా చెప్పలేం. గూళ్లలో చాలా భాగాన్ని రకూన్లు, స్కంక్‌లు, పాములు ముందే ఖాళీ చేస్తున్నాయి. పొదలు, గడ్డినేలలు తగ్గుతున్నచోట ఆ నష్టం ఇంకా ఎక్కువ. క్యాలెండర్‌ మార్చడం సులభం, నేల మార్చడం ఖర్చుతో కూడిన పని. రాజకీయంగా మొదటిదే ముందు జరగడంలో వింతేమీ లేదు.

కాలనీ రోడ్డు మీద టర్కీ

మసాచుసెట్స్‌, న్యూజెర్సీ, మిషిగన్‌ రాష్ట్రాల శివారు కాలనీల్లో ఉండే తెలుగు కుటుంబాలకు ఈ కదలిక మరో రూపంలో ఎదురవుతుంది. మసాచుసెట్స్‌లో చివరి అడవి టర్కీ 1851లో పోయింది. 1972, 73లలో న్యూయార్క్‌ నుంచి తెచ్చి బెర్క్‌షైర్‌ కొండల్లో వదిలిన 37 పక్షుల నుంచి ఇప్పుడక్కడ పాతిక వేలకు పైగా ఉన్నాయి. కాలనీలో చెట్లు, పచ్చిక, పక్షులకు వేసే గింజలు, వేట నిషేధం అన్నీ ఉంటాయి. టర్కీకి ఇంతకంటే ఏం కావాలి?

మార్చి నుంచి మే దాకా మగపక్షులు పెద్దరికం తేల్చుకునే మూడ్‌లో ఉంటాయి. కారు తలుపులో, అద్దాల కిటికీలో తన ప్రతిబింబాన్ని చూసి ప్రత్యర్థి అనుకుని పొడుస్తాయి. మనిషి భయపడి వెనక్కి తగ్గితే అతన్నీ తమకంటే చిన్న పక్షిగానే లెక్కేస్తాయి. పిల్లల్ని, పోస్టు తెచ్చేవారిని తరమడం అందుకే. వన్యప్రాణి అధికారులు చెప్పే జాగ్రత్తలు కూడా ఈ మెకానిజం మీదే ఆధారపడ్డాయి. మెరిసే భాగాలకు గుడ్డ కప్పాలి, గింజలు వేయడం ఆపాలి, పారిపోకుండా గొడుగు విప్పడమో, చీపురు చూపించడమో, పైపుతో నీళ్లు కొట్టడమో చేయాలి. పక్షిని గాయపరచడం, పట్టి తీసుకెళ్లి వేరేచోట వదలడం మాత్రం సొంతంగా చేయకూడదు. వేట సీజన్‌లో, లైసెన్సు ఉంటే తప్ప టర్కీని చంపడం అక్కడ నేరం. గొడవ మరీ ఎక్కువైతే స్థానిక పోలీసులకో, రాష్ట్ర వన్యప్రాణి శాఖకో ఫోన్‌ చేయాలి. ఆడపక్షులు పొదగడం పూర్తయ్యే జూన్‌ నాటికి మగవాటి దూకుడు చాలావరకు తగ్గిపోతుంది.